మీరేంటి, ఇక్కడ!

(ఒక సాయంకాలపు సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక నేరం ఒప్పుకుని మొదలుపెడతాను. చాలా ఏళ్ళ కిందటి మాట. ఒక మిత్రుడు వాళ్ళింట్లో వేడుకకి పిలిచాడు. నాకు వెళ్ళబుద్ధి కాలేదు. జ్వరమొచ్చిందని, మంచం దిగలేకపోతున్నానని ఫోన్ చేసి చెప్పాను. గొంతు కూడా దానికి తగ్గట్టు నీరసంగా పెట్టాను. ఆ సాయంత్రమే ఊరికి అవతలి కొసన, పాత పుస్తకాలమ్మే చోట గొంతుక్కూర్చుని పుస్తకాలు తిరగేస్తున్నాను. గుట్ట వెనకనుంచి ఒక తల లేచింది. చూస్తే మా మిత్రుడి బావమరిది!

ఇద్దరం ఒక్కసారే అన్నాం: ‘మీరేంటి, ఇక్కడ?’

వేడుక జరుగుతున్న ఇంటి మనిషి ఆ వేళప్పుడు అక్కడెందుకున్నాడని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. నాకు వెంటనే రాలేదు, నా భయం నాది. అసలు సంగతేమిటంటే ఆయనా తప్పించుకునే వచ్చాడు. కాసేపు ఇద్దరం నోరెత్తలేదు. తర్వాత ఆయన మెల్లగా, ‘జ్వరమన్నారట?’ అన్నాడు. ‘మీ ఇంట్లో వేడుకట?’ అన్నాను. (నవ్వులు) ఆ రోజు నుంచి మేమిద్దరం చాలా మంచి స్నేహితులం. ఒకరి రహస్యం ఒకరి దగ్గరుంది కదా, కాక తప్పలేదు.

సరే, అప్పటినుంచీ ఈ సంగతి నన్ను తొలుస్తూనే ఉంది. కోటిమంది తిరిగే ఊళ్ళో, సరిగ్గా ఆ సాయంత్రం, సరిగ్గా ఆ గుట్ట వెనక, సరిగ్గా ఆ మనిషే ఎందుకుండాలి? నేను పాతికేళ్ళకి పైగా స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి. ఇలాంటిది జరిగితే నా బోటివాడు ‘అంతా విధి’ అని ఊరుకోలేడు. కాగితం తీసి లెక్క వేస్తాడు. ఆ లెక్క మీకూ చెప్తాను, భయపడకండి, కూడికలూ భాగహారాలే.

ఊరి జనాభా కోటి అనుకుందాం. అందులో నేను ముఖం చూసి గుర్తుపట్టి పలకరించగలిగేవాళ్ళు వెయ్యిమంది. ఎక్కువ చెప్పానంటారా? బ్రిటన్‌లో యార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. మనిషికి ఎన్ని ముఖాలు తెలుసని గంటల తరబడి కూర్చోబెట్టి లెక్కపెట్టించారు. సగటున 5,000 తేలింది. అందులో సినిమావాళ్ళూ రాజకీయ నాయకులూ కూడా ఉన్నారు. వాళ్ళని తీసేసినా, వేరే ఊళ్ళలో ఉన్నవాళ్ళని తీసేసినా వెయ్యి మిగలడం కష్టం కాదు. ఇక ఒక రోజు బయటికి వెళ్తే బస్సులో, రోడ్డు మీద, లిఫ్టులో, క్యూలో కలిపి 500 ముఖాలు నా కళ్ళముందు నుంచి వెళ్తాయనుకుందాం.

ఇప్పుడు ఆ 500 మందినీ కోటిలోంచి కళ్ళు మూసుకుని లాటరీ తీసినట్టు తీశారనుకోండి. మా మిత్రుడి బావమరిది అందులో ఉండే అవకాశం ఎంత? 20,000కి ఒకటి. అంటే రోజూ బయటికి వెళ్తుంటే, లెక్కప్రకారం ఆయన నాకు 20,000 రోజులకి ఒకసారి తగలాలి. దాదాపు 55 ఏళ్ళు. అబ్బో, ఎంత అద్భుతం జరిగిందో చూశారా అనిపిస్తుంది.

కానీ అడగాల్సిన ప్రశ్న అది కాదు. నాకు ఆ రోజు ఎవరు ఎదురుపడినా ఒళ్ళు జల్లుమనేదే కదా. ఆ మిత్రుడి తమ్ముడైనా, పాత విద్యార్థి అయినా, పదేళ్ళ కిందటి ఇంటి ఓనరైనా. వెయ్యిమందిలో ఎవరో ఒకరు తగలడానికి ఎన్నాళ్ళు పడుతుంది? 20,000ని వెయ్యితో భాగించండి. ఇరవై రోజులు. అంతే. అవే అంకెలు, అదే ఊరు. ‘ఆయనే’ అంటే 55 ఏళ్ళు, ‘ఎవరో ఒకరు’ అంటే 20 రోజులు. మనం చేసే పొరపాటంతా ఇక్కడే ఉంది. ఇరవై రోజులకోసారి జరిగేది జరుగుతుంది, జరిగాక మనం 55 ఏళ్ళ లెక్క పట్టుకుని ఆశ్చర్యపోతాం. బాణం వేసేసి, అది గుచ్చుకున్న చోట చుట్టూ సున్నా గీసి, గురి చూడండి అన్నట్టు.

పెర్సీ డయాకొనిస్, ఫ్రెడరిక్ మోస్టెలర్ అని ఇద్దరు గణాంకవేత్తలు 1989లో కాకతాళీయాల మీద ఒక వ్యాసం రాశారు. దాని సారం నా మాటల్లో చెప్పాలంటే, జనం తగినంత మంది ఉంటే ఎంత వింతైనా ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరికి జరగకుండా ఉండదు. ఆ వింత నాకు జరిగిన రోజున మాత్రం నేను జనంలో ఒకణ్ణని ఒప్పుకోను. అది వేరే సంగతి.

కాకతాళీయం అన్నాను కదా. ఆ మాట మనం రోజూ వాడేస్తాం కానీ అందులో ఒక కథ ఉంది. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణానికి పండు రాలింది. కాకి వాలడం వల్ల పండు రాలలేదు, పండు రాలుతుందని కాకి వాలలేదు. రెండూ ఒకేసారి జరిగాయి. ఎంత చక్కటి మాట! ఏ ముడీ లేని రెండు సంఘటనల్ని ఒక్క మాటలో కట్టేశారు. అయితే నాకు ఒక చిన్న అభ్యంతరం ఉంది. ఆ మాట పుట్టించిన పెద్దమనిషి కాకిని ఒక్కరోజే చూసినట్టున్నాడు. వారం రోజులు చూసుంటే తెలిసేది, ఆ కాకి రోజూ ఆ చెట్టు మీదే వాలుతుంది! (నవ్వులు) పండ్లు కూడా ముగ్గే కాలంలోనే రాలతాయి. మరి ఆ రెండూ ఒకేసారి జరగడంలో అంత వింతేముంది?

నగరం సంగతీ ఇంతే. నేనిందాక వేసిన లెక్కలో కావాలనే ఒక అబద్ధం పెట్టాను, లాటరీ. మనం ఊళ్ళో లాటరీ చీటీల్లా చెల్లాచెదురుగా తిరగం. 2008లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, పేర్లు తీసేసిన లక్ష మంది మొబైల్ ఫోన్ల జాడలు ఆరు నెలల పాటు చూశారు. మనుషులు తిరిగిన చోట్లకే తిరుగుతున్నారు. ఇల్లు, పనిచేసే చోటు, ఇంకో రెండు మూడు చోట్లు, కాలమంతా వాటి మధ్యే. రెండేళ్ళ తర్వాత వాళ్ళలో ఒకరు ఇంకొందరితో కలిసి ఇంకో లెక్క కట్టారు. ఒక మనిషి తర్వాత ఎక్కడుంటాడో, అతని పాత జాడల్ని బట్టి సిద్ధాంతపరంగా 93 శాతం దాకా ముందే ఊహించవచ్చట. నేను స్వేచ్ఛాజీవినని చెప్పుకునేవాళ్ళు ఆ అంకె దగ్గర కాస్త ఆగాలి.

అంటే కోటిమంది ఊరు అనేది జనాభా లెక్కల్లోనే ఉంది. నేను బతుకుతున్నది నాలుగైదు సందుల్లో, రెండు బస్సు రూట్లలో, ఒక రైల్వే లైను మీద. మీరూ అంతే. నాకు తెలిసినవాళ్ళు నాకెందుకు తెలిశారు? ఒకే రకం చదువు, ఒకే రకం ఉద్యోగం, ఒకే వయసు, ఒకే రకం ఇష్టాలు. నాకు పాత పుస్తకాల పిచ్చి ఉందంటే నా స్నేహితుల్లో, వాళ్ళ చుట్టాల్లో ఆ పిచ్చి ఉన్నవాళ్ళు మామూలుకన్నా ఎక్కువమందే ఉంటారు. ఇక వేడుకలంటే ముఖం చాటేసేవాళ్ళు ఆ సాయంత్రం ఎక్కడికి పోతారు? పుస్తకాల గుట్ట వెనక బావమరిది లేకపోతేనే వింత!

ఇక్కడ ఒక పక్కమాట. ప్రతి ఒక్కరికీ ‘ఎక్కడికెళ్ళినా ఈయనే తగులుతాడేంట్రా’ అనిపించే మనిషి ఒకరుంటారు. మీకూ ఉన్నారు కదా? ఆయన మీ వెంట పడటం లేదు. ఆయన అందరికీ తగులుతాడు. రోజంతా బయట తిరిగే మనిషి నలుగురికీ ఎదురుపడతాడు, గడప దాటని మనిషి ఎవరికీ ఎదురుపడడు. అందుకే వీధిలో కూర్చుని లెక్కపెట్టేవాడికి ఊళ్ళో అందరూ తిరుగుబోతుల్లాగే కనిపిస్తారు.

ఇప్పుడు ఇంకో దిక్కునుంచి చూద్దాం. నిజంగా ఇరవై రోజులకోసారో ఇంకా తరచుగానో తెలిసినవాళ్ళు మన పక్కనుంచి వెళ్తుంటే, మనం ఏడాదికి ఏ నాలుగైదుసార్లో తప్ప ఎవరినీ ఎందుకు కలవట్లేదు? నాకు అసలు ఆసక్తి ఇక్కడుంది. జవాబు చాలా మామూలుది. మనం చూడట్లేదు.

నగరం మనకి చూడకపోవడం నేర్పుతుంది. అర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1963లో దీనికొక పేరు పెట్టాడు. దాన్ని ‘మర్యాదగా పట్టించుకోకపోవడం’ అనొచ్చు. ఎదురుగా వచ్చే అపరిచితుణ్ణి ఒక్క క్షణం చూస్తాం, నువ్వున్నావని తెలిసిందన్నట్టు. వెంటనే చూపు తిప్పేస్తాం, నీతో నాకు పేచీ లేదన్నట్టు. లిఫ్టులో అందరం అంకెలవైపు చూస్తామే, అది. ఇది తప్పని నేననను. రోజూ ఎదురయ్యే 500 మందినీ పలకరిస్తూ పోతే ఆఫీసుకి ఎప్పుడు చేరతాం? కాకపోతే ఈ అలవాటు జల్లెడలాంటిది కాదు, తెలియనివాళ్ళని ఆపి తెలిసినవాళ్ళని వదలదు. తలుపు లాంటిది, మూసుకుంటే అందరికీ మూసుకుంటుంది. ఫోన్ వచ్చాక ఆ తలుపుకి గడియ కూడా పడింది.

చూసినా గుర్తుపట్టకపోవడం ఇంకొకటి. జార్జ్ మాండ్లర్ అనే మనస్తత్వవేత్త 1980లో ఒక ఉదాహరణ చెప్పాడు. రోజూ మాంసం కొనే కొట్టాయన ఒకరోజు బస్సులో మన ఎదురు సీట్లో కూర్చున్నాడు. ఈ ముఖం బాగా తెలుసే అని మనసు పీకుతూ ఉంటుంది. ఎవరో మాత్రం అందదు. ఆ ముఖానికి కొట్టు ఉండాలి, చేతిలో కత్తి ఉండాలి. అవి లేకపోతే మనిషి సగమే. నేనొకసారి మా డెంటిస్టుని పార్కులో చూసి పది నిమిషాలు పక్కనే నడిచాను. ఎవరో తెలియలేదు కానీ దవడ మాత్రం నొప్పి పుట్టింది. (నవ్వులు)

ముఖం అందినా పేరు అందకపోవడం ఇంకో అవస్థ. ఈ విషయంలో మన భాషకి మనం రుణపడి ఉండాలి. ‘ఏం గురువుగారూ’, ‘ఏం బాబాయ్’, ‘అన్నా, బాగున్నావా’ అని పేరు అవసరం లేకుండా పావుగంట మాట్లాడేయొచ్చు. చిక్కల్లా పక్కన భార్యో భర్తో ఉన్నప్పుడు. ‘ఎవరండీ, పరిచయం చెయ్యండి’ అంటారు చూడండి, అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

ఇక చూసీ, గుర్తుపట్టీ, తప్పుకోవడం. దాచుకోవడం దేనికి, అందరం చేస్తాం. స్తంభం చాటున నిలబడతాం, రాని ఫోన్ ఎత్తి మాట్లాడతాం. ఆ మనిషి మీద కోపం కాదు. పలకరిస్తే ఐదు నిమిషాలు ఆగాలి, ఇప్పుడేం చేస్తున్నావంటే చెప్పాలి, ‘తప్పకుండా కలుద్దాం’ అని ఇద్దరికీ నమ్మకం లేని మాట ఒకటి అనుకోవాలి. దానికన్నా పెద్ద గండం, సెలవు తీసుకున్నాక ఇద్దరూ ఒకే వైపు నడవాల్సి రావడం! మాటలన్నీ అయిపోయాయి, దారి మాత్రం మిగిలింది. నేనైతే అక్కర్లేని మందుల షాపులోకి దూరిపోయిన రోజులున్నాయి. ఒకసారి దూరితే ఆయన కూడా నా వెనకే వచ్చాడు. పాపం, ఆయనకి నిజంగానే మందులు కావాలట.

చూడటం గురించే ఇంకో ముచ్చట. స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వవేత్త పేరు మీలో చాలామంది విని ఉంటారు. ఆయన 1972లో ‘తెలిసిన అపరిచితులు’ గురించి రాశాడు. రోజూ అదే స్టేషన్‌లో, అదే రైలు కోసం, అదే చోట నిలబడే మనుషులు. ఏళ్ళ తరబడి చూస్తాం, ఒక్కమాటా మాట్లాడం. ఆయన విద్యార్థులు ప్లాట్‌ఫాం మీద జనాన్ని ఫొటోలు తీసి, తర్వాత ఆ ఫొటోలు అక్కడివాళ్ళకే పంచి, ఎవరెవరు తెలుసని అడిగారు. జవాబిచ్చినవాళ్ళలో ప్రతి పదిమందికీ దాదాపు తొమ్మిదిమంది కనీసం ఒక తెలిసిన అపరిచితుణ్ణి గుర్తుపట్టారు. సగటున ఒక్కొక్కరికీ అలాంటివాళ్ళు నలుగురు. సింగపూర్‌లో బస్సు కార్డుల లెక్కలతో 2013లో చేసిన పరిశోధనలో కూడా ఇదే బయటపడింది. ఈ రోజు ఒకే బస్సులో పడ్డ ఇద్దరు మళ్ళీ కలిసి పడేది ఎక్కువగా సరిగ్గా ఇరవైనాలుగు గంటల తర్వాతే.

మిల్‌గ్రామ్ చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది ఇది. ఈ తెలిసిన అపరిచితులు మామూలు చోట మాట్లాడుకోరు. ఎంత కాలం మాట్లాడకపోతే మాట్లాడటం అంత కష్టమవుతుంది. ఐదేళ్ళ తర్వాత ఒక ఉదయం ‘నమస్కారమండీ’ అంటే ఎదుటిమనిషి కంగారుపడతాడు. అదే ఇద్దరూ వేరే దేశంలో ఎదురుపడితే? ఎన్నాళ్ళ స్నేహితుల్లాగో మాట్లాడేసుకుంటారు. రోజూ ఎదురయ్యే చోటికి ఎంత దూరం వెళ్తే అంత దగ్గరవుతాం. మన దూరపు పరిచయాల విషయంలోనూ ఇదే జరుగుతుంది. మా ఆఫీసులో మూడో అంతస్తులో ఒకాయన ఉండేవాడు. మెట్ల మీద తల ఊపుకోవడం తప్ప మామధ్య ఏమీ లేదు. ఎక్కడో పరాయి రాష్ట్రంలో రైలు ఆరుగంటలు ఆలస్యమై ఇద్దరం ఒకే బెంచీ మీద తేలాం. ఆయనకి కొడుకు మీదున్న దిగులంతా ఆ రాత్రి నాకు చెప్పాడు. తిరిగొచ్చాక మళ్ళీ మెట్ల మీద తలలే ఊపుకున్నాం. ఇద్దరికీ కొంచెం సిగ్గుగా కూడా ఉండేది.

ఈ దూరపు పరిచయాల వల్ల లాభమేమిటని అడిగేవాళ్ళున్నారు, ముఖ్యంగా మా అబ్బాయి. వాళ్ళకోసం ఒక లెక్క. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ పక్కనున్న ఒక పట్టణంలో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్ళని కలిశాడు. 1973లో వచ్చిన వ్యాసం అది. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని ఒక ప్రశ్న అడిగాడు: ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారు? వారానికి కనీసం రెండుసార్లు అన్నవాళ్ళు 16.7 శాతమే. ఏడాదికి ఒక్కసారి, లేదా అంతకన్నా తక్కువ అన్నవాళ్ళు 27.8 శాతం! సగానికి పైగా ఈ రెండిటికీ మధ్య. కారణం ఊహించడం కష్టం కాదు. రోజూ కలిసే స్నేహితుడికి నాకు తెలిసిందే తెలుసు. ఎప్పుడో కలిసేవాడు ఇంకో చెట్టు మీది కాకి, అతని దగ్గర వేరే కబుర్లుంటాయి.

ఆ వ్యాసంలో ఇంకో చిన్న మాట ఉంది. పాత సహోద్యోగి, చదువుకునే రోజుల్లోని పరిచయస్థుడు, ఇలా తెగిపోయిన దారాలు మళ్ళీ ముడిపడటానికి కారణం చాలాసార్లు అనుకోకుండా ఎదురుపడటమో, మధ్యలో ఉన్న స్నేహితుడో అని. మనిషి ఉన్నాడన్న సంగతే మరిచిపోయిన వాళ్ళనుంచి బతుకుతెరువుకి పనికొచ్చే కబురు వస్తోందని ఆయనే ఆశ్చర్యపోయాడు. మా అబ్బాయికి ఇది చెప్తే, ‘అందరూ ఫోన్లో ఉన్నారుగా నాన్నా, ఎదురుపడటం దేనికి’ అన్నాడు. నిజమే, వాడి ఫోన్లో 2,000 మంది ఉన్నారు. కానీ ఫోన్ చెయ్యాలంటే ముందు ఆ మనిషి గుర్తుకు రావాలి. ఎదురుపడటానికి గుర్తుకు రానక్కర్లేదు.

టైమైపోతోందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను.

థామస్ షెల్లింగ్ అని ఒక ఆర్థికవేత్త, 2005లో నోబెల్ వచ్చింది. ఆయన 1960లో ఒక పుస్తకంలో ఒక చిక్కుప్రశ్న చెప్పాడు. మీరొకరిని న్యూయార్క్‌లో కలవాలి. ఎక్కడో, ఎన్నింటికో అనుకోలేదు. ఒకరితో ఒకరు మాట్లాడే వీల్లేదు. ఎక్కడికెళ్తారు? ఆయన తెలిసినవాళ్ళని అడిగితే, సగానికి పైగా గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఎంక్వయిరీ దగ్గర అన్నారు. టైమైతే దాదాపు అందరూ మధ్యాహ్నం పన్నెండు అన్నారు. అవతలివాడు ఏమనుకుంటాడో నేననుకుని, నేనేమనుకుంటానో అతననుకుని, అలా ఇద్దరూ ఒక చోటికి చేరతారు.

వినడానికి బాగుంటుంది. నా అనుభవం చెప్తాను. ఒక పెద్ద స్టేషన్‌లో ఎస్కలేటర్ మీద నేను కిందికి దిగుతున్నాను. పక్క ఎస్కలేటర్ మీద పైకి వెళ్తున్నాడు, నాతో కాలేజీలో ఒకే గదిలో ఉన్నవాడు. పద్దెనిమిదేళ్ళయింది చూసి. ‘ఒరేయ్!’ అని ఇద్దరం అరిచాం, దాటిపోయాం. ఫోన్ నంబర్లు లేవు. నేను కిందికి చేరగానే, వాడు పైన ఆగుంటాడని గబగబా పైకెక్కే ఎస్కలేటర్ ఎక్కాను. సగం దారిలో వాడు కిందికి దిగుతూ కనిపించాడు. మళ్ళీ ‘ఒరేయ్!’ (నవ్వులు) ఈసారి వాడు చెయ్యి చూపించాడు, ఆగమని. నేనూ చూపించాను, ఆగమనే. ఇద్దరం ఆగాం. నేను పైన, వాడు కింద. స్టాటిస్టిక్స్ మేష్టారుని కదా, ఎవరో ఒకరు కదలాలి, ఇద్దరూ కదలకూడదు అని లెక్కలు వేసుకుంటూ పది నిమిషాలు నిలబడ్డాను. తర్వాత దిగి చూస్తే వాడు లేడు. వాడు అప్పుడే పైకి వెళ్ళాడో, వెళ్ళిపోయాడో.

ఇక లాభం లేదని నా ప్లాట్‌ఫాంకి వెళ్ళి నిలబడ్డాను. ఒక్క నిమిషం గడిచిందో లేదో, పక్కన ఎవరో రొప్పుతూ వచ్చి నిలబడ్డారు. తలతిప్పితే వాడే. నాకోసం వెతికి కాదు, వాడు రోజూ ఎక్కే రైలు అదే. నేనూ నాలుగేళ్ళుగా అదే ఎక్కుతున్నాను. వాడు నాకు రెండు పెట్టెల వెనక ఎక్కుతాడట.

‘కోటిమంది ఉన్న ఊళ్ళో, ఎంత విచిత్రం చూడరా!’ అన్నాడు.

వాడికి ఆ లెక్క చెబుదామని నోరు తెరిచాను. రైలొచ్చింది. ఏ పెట్టె ఎక్కాలో తెలియక ఇద్దరం ఒక్క క్షణం మొహమొహాలు చూసుకున్నాం.